అద్దంలో మాటకారి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. ఉంటే ఉండనివ్వండి. సెలూన్ నడిపేవాడికి ఓపిక చేతుల్లో ఉంటే చాలు, ముక్కు మీద ఏముంటే ఎవరికేం? కానీ మా బావమరిది సంగతి చెప్పాలంటే మాత్రం కోపంతోనే మొదలుపెట్టాలి. వాణ్ణి మొదటిసారి చూసిన రోజే నాకు ఒళ్ళు మండింది మరి.

అప్పటికింకా నా పెళ్ళి కుదరలేదు. మాట్లాడుకోవడానికని వాళ్ళింటికి వెళ్ళాను. గోడకు ఆనుకుని వీడు నిలబడి ఉన్నాడు, బడికెళ్ళే వయసు. మర్యాదకు పలకరిద్దామని, "ఏం బాబూ, ఏం చదువుతున్నావ్?" అన్నాను.

"ఎనిమిదండీ" అంది మా ఆవిడ. అంటే అప్పటికింకా కాబోయే ఆవిడ.

"లెక్కలంటే ఇష్టమా?"

"అస్సలు పడవండీ వాడికి."

"కాసిని మంచినీళ్ళు ఇస్తావా?"

"ఇస్తాడండీ. ఒరేయ్, వెళ్ళి తీసుకురారా."

తెచ్చాడు. నేను తాగాను. గ్లాసు పట్టుకుపోయాడు. పెదవి మాత్రం కదపలేదు. నాకైతే ఆ పిల్లని చేసుకుంటే ఇద్దరి మాటలూ ఒక్క మనిషి దగ్గరే వినాల్సి వస్తుందని అప్పుడే అర్థమైంది. అయినా చేసుకున్నాను. బాగుంది కదా పిల్ల!

వాళ్ళకి తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి పొద్దున పనికెళితే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. తమ్ముడికి అక్కే అమ్మ. వాడికి ఆకలేస్తే అక్క చెప్పేది, జ్వరమొస్తే అక్క చెప్పేది, బళ్ళో ఎవడైనా కొడితే అక్క వెళ్ళి పోట్లాడి వచ్చేది. వాడు నోరు తెరిచేలోపే అన్నీ అమరిపోయేవి. ప్రేమే, కాదనను. కానీ అంత ప్రేమలో పెరిగినవాడికి నోటితో పనేముంటుంది చెప్పండి?

చదువు అబ్బలేదు. రెడీమేడ్ బట్టల షాపులో చేరాడు. బెల్లం కొట్టిన రాయిలా ఓ మూల నిలబడేవాడట. ఒకాయన వీణ్ణి షాపులో పెట్టిన బొమ్మనుకుని చొక్కా చెయ్యి పట్టుకుని గుడ్డ నలిపి చూశాడు, కాలర్ వెనక సైజు కూడా వెతికాడు. వీడు కదలకుండా చూపించుకున్నాడు! ఆ రోజుతో ఆ ఉద్యోగం ఊడింది.

"మీ దుకాణంలో పెట్టుకోండి" అంది మా ఆవిడ.

"నా దుకాణంలోనా? కటింగులో సగం పని నోటిదేనే తల్లీ!"

నాది ఒకటే పద్ధతి. మా గురువు నేర్పిందే. కుర్చీ ఎక్కినవాణ్ణి పలకరించకుండా కత్తెర తీయకూడదు. ఆయన తన తలకాయ తెచ్చి మన చేతుల్లో పెడుతున్నాడు. ఎలా ఉన్నారని కూడా అడక్కుండా మొదలుపెడితే అది గొర్రెకు ఉన్ని తీయడమవుతుంది గానీ మనిషికి కటింగు అవదు. ఇదంతా మా ఆవిడకి వివరంగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "రేపట్నుంచి వస్తాడు" అంది.

చెయ్యి మాత్రం బంగారం. ఏడాది తిరక్కుండా దువ్వెన, కత్తెర వాడి చేతిలో సొంత వేళ్ళలాగే తిరిగాయి. కానీ మాట! కస్టమరు "ఎండలు ముదిరాయయ్యా" అంటే వీడు తల వంచుకుని నీళ్ళు నమిలేవాడు. ఇటు తిరగమనడానికి కూడా మాట వాడడు, రెండు వేళ్ళతో తలని నెమ్మదిగా తిప్పేవాడు, కుళాయి తిప్పినట్టు. మా వీధివాళ్ళు వాడికి సైలెన్సర్ అని పేరు పెట్టేశారు. దానికి కూడా వాడు ఏమీ అనలేదు.

ఒకరోజు పొద్దున్నే నాకు తిక్క రేగింది. "ఒరేయ్, మనిషి మొహం చూడ్డానికి నీకంత సిగ్గయితే చూడకు! ఎదురుగా గోడంత అద్దం ఉంది, దాన్లో చూడు. అద్దంలో ఉన్నవాడు నిన్నేం కొరికెయ్యడు కదా!" అని అరిచాను. కోపంలో అన్న మాట అది. నేను రోజూ అలాంటివి పది అంటాను, ఒక్కటీ ఎవరూ పట్టించుకోరు. వీడు పట్టించుకున్నాడు.

అదే రోజు స్కూలు వ్యాను డ్రైవరు వచ్చి మావాడి కుర్చీ ఎక్కాడు. గుబురు మీసాలవాడు, నవ్వితే వీధి చివరికి వినబడుతుంది. నేను అవతలి కుర్చీలో ఒకాయనకు గడ్డం గీస్తున్నాను. "మీసం తీయించేద్దామనుకుంటున్నానోయ్. నీ అభిప్రాయం ఏంటి?" అన్నాడు డ్రైవరు, నన్ను ఉద్దేశించే.

"ఉంచండి. మీసం తీసేస్తే మీ నవ్వు చిన్నదైపోతుంది."

గొంతు లోతుగా, తీరిగ్గా ఉంది. నేనెప్పుడూ వినని గొంతు. నా చేతిలో కత్తి గాల్లో ఆగిపోయింది. డ్రైవరు గిరుక్కున వెనక్కి తిరిగి, "ఎవరయ్యా మాట్లాడిందీ?" అన్నాడు. వీడు టక్కున నోరు మూసుకున్నాడు. డ్రైవరు మళ్ళీ ముందుకు తిరిగాడో లేదో, అద్దంలోంచి వీడే, "నేనేనండీ" అన్నాడు.

అదండీ మా వాడి రహస్యం. అద్దంలో చూస్తూ అయితే ఎవరితోనైనా మాట్లాడతాడు. నేరుగా మొహం కనబడిందా, నోరు పడిపోతుంది. ఇది తెలిశాక వీధిలో జనం ఊరుకుంటారా? పనిలేకపోయినా వచ్చి కుర్చీ ఎక్కేవారు. సైలెన్సర్ చేత మాట్లాడించడం ఒక ఆట అయిపోయింది. వాడు కూడా కరువు తీరా మాట్లాడాడు. ఎవరి దగ్గర ఏం బాగుంటే అది తెచ్చేసుకున్నాడు. వ్యాను డ్రైవరు దగ్గర పకపకా నవ్వడం నేర్చుకున్నాడు. ఒక ప్లీడరు గారి దగ్గర "మొదటి విషయం ఏంటంటే" అనడం పట్టుకున్నాడు, రెండో విషయం ఎప్పుడూ ఉండదు అనుకోండి. కోపమొస్తే నాలాగే ఎడం చెయ్యి నడుం మీద పెట్టుకునేవాడు. చూసి నాకే నవ్వొచ్చింది.

"అన్నీ వాళ్ళవీ వీళ్ళవీ ఏరుకొచ్చుకుంటున్నాడు. వీడిదంటూ ఏముందే?" అన్నాను ఒకసారి మా ఆవిడతో.

"మీకు మాత్రం సొంతవేమున్నాయి? ఆ అరుపులు మీ గురువుగారివి. భోజనం దగ్గర వంకలు పెట్టడం మీ నాన్నగారిది. తలుపు ధడాల్న వెయ్యడం నా దగ్గర నేర్చుకున్నారు" అంది. నేను తలుపు ధడాల్న వేసి వచ్చేశాను.

వాణ్ణే అడిగాను, ఆ అద్దంలో ఏముందిరా అని. దుకాణం కట్టేసే ముందు నాకు మెడ వెనక మెషిన్ పెడుతున్నాడు అప్పుడు. "ఎదురుగా మాట్లాడితే అవతలివాళ్ళే కనబడతారు బావా. నేనెక్కడున్నానో నాకే తెలీదు. అద్దంలో అయితే వాళ్ళ పక్కనే నేనూ కనబడతాను. ఓహో, ఈ మాటన్నది వీడేనన్నమాట అని ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. చెవి వెనకాల ఇంకాస్త తియ్యమన్నాను.

వాడుండేది మా దగ్గరే. ఇంట్లో మాత్రం మామూలే. "కూర ఎలా ఉందిరా?" అని నేనడిగితే, "ఉప్పు తగ్గిందంటున్నాడు" అని అక్క చెప్పేది. వాడేమీ అనలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

ఇలా ఉండగా టీసీ గారి రాకపోకలు మొదలయ్యాయి. ఆయన రైళ్ళలో టికెట్లు చూసి చూసి రిటైరయిన మనిషి. ప్రతి ఆదివారం గడ్డానికి వచ్చేవారు. మోకాళ్ళ నొప్పులు కదా, కూతురు స్కూటర్ మీద తెచ్చి దింపి, అయ్యేదాకా వెనక బల్ల మీద కూర్చునేది. ఆ అమ్మాయి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం చేస్తుంది. సూది చూసి కంగారుపడేవాళ్ళని మాటల్లో పెట్టడం తన పనిలో భాగం. అందుకని ప్రశ్న అడక్కుండా రెండు నిమిషాలు ఉండలేదు. వాడు టీసీ గారికి నురగ పట్టిస్తుంటే వెనకనుంచి అడిగేది.

"అందరికంటే కష్టమైన తల ఎవరిదండీ?"

"చిన్నపిల్లలదండీ. వాళ్ళు అద్దంలో వాళ్ళని చూసుకుని నవ్వుతారు. తల నిలవదు."

"మీరు చిన్నప్పుడు నవ్వేవారా?"

వాడు బ్రష్ ఆపి ఆలోచించాడు. "నన్నెవరూ అడగలేదండీ ఇప్పటిదాకా. నవ్వేవాణ్ణనుకుంటా."

టీసీ గారి మొహం నిండా నురగే, నోరు తెరిస్తే సబ్బు పోతుంది. ఆయన మీదుగా ఇద్దరూ అద్దంలో అలా మాట్లాడుకుంటూ ఉండేవారు. వాడు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆదివారం గడ్డం రాన్రానూ ఆలస్యమైపోయింది. రెండోసారి నురగ, మూడోసారి నురగ. "ఒరేయ్ అబ్బాయ్, గడ్డం అయిపోయింది, ఇక మొహం గీస్తున్నావ్" అని టీసీ గారు గోలపెట్టేదాకా వదిలేవాడు కాదు. మావాడికి ఆ అమ్మాయి మీద మనసైందని పక్క కుర్చీలో నాకు ఎప్పుడో తెలిసిపోయింది. వాడికే కాస్త ఆలస్యంగా తెలిసింది.

తెలిసినవాడు ఊరుకోవచ్చు కదా! మా ఆవిడ రక్తపరీక్షకి వెళుతుంటే, తోడుగా వస్తానని తయారయ్యాడు. పైగా తనూ పరీక్ష చేయించుకుంటానని కుర్చీలో కూర్చున్నాడు. ఆ అమ్మాయి వీణ్ణి చూసి మొహమంతా వెలిగిపోయి, "రండి రండి! ఇవాళ మీరు కుర్చీలో, నేను నిలబడి! చెప్పండి, ఏంటి సంగతులు?" అంది.

వీడు కింద టైల్స్ చూస్తూ కూర్చున్నాడు.

"ఏంటండీ, నాతో మాట్లాడరా?"

ఊఁహూఁ. పక్కనే సూదులు సర్దుతున్న ఇంకో ఆవిడ, "నీకు తెలిసినాయనా?" అని ఆ అమ్మాయిని అడిగి, వీడితో, "ఏమండీ, ఈ అమ్మాయి మీకు తెలుసా?" అంది. వీడు కంగారులో తల అడ్డంగా ఊపాడు! ఇంటికొచ్చి మా ఆవిడ ఈ సంగతి చెప్పినప్పుడు నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది. ఏడాదిపాటు పకపకలాడినవాడు, నలుగురిలో తెలీదని తల ఊపితే ఏ ఆడపిల్లకి మాత్రం మండదు?

తరవాతి ఆదివారం నుంచి ఆ అమ్మాయి లోపలికి రావడం మానేసింది. తండ్రిని గుమ్మంలో దింపి, బయట స్కూటర్ మీదే అటు తిరిగి కూర్చునేది. అద్దంలో ఖాళీ బల్ల కనబడుతుంటే మావాడి నోరు మళ్ళీ మూతబడింది. వ్యాను డ్రైవరు వచ్చి జోకులేసినా ఊఁ అనడం లేదు. ఇంత కష్టపడి తయారైన మనిషి కళ్ళముందే మళ్ళీ గోడకు ఆనుకున్న కుర్రాడైపోతాడేమోనని నాకు నిజంగా భయమేసింది. నాకు కోపం వస్తుంది గానీ భయం ఎప్పుడో గానీ రాదు.

అప్పుడొక ఆదివారం టీసీ గారు, సగం గడ్డం అయ్యాక, "మా అమ్మాయికో సంబంధం వచ్చిందయ్యా. వచ్చే వారం ఖాయం చేసేద్దామనుకుంటున్నాం" అన్నారు.

మావాడి చేతిలో కత్తి ఆయన గొంతు దగ్గర ఆగింది. అద్దంలోకి తలెత్తి, "మొదటి విషయం ఏంటంటేనండీ, నాకు మీ అమ్మాయంటే ఇష్టం. నేను చేసుకుంటానండీ" అన్నాడు.

టీసీ గారు కదిలితే తెగుతుంది, కదలకపోతే ఒప్పుకున్నట్టవుతుంది. కళ్ళు మాత్రం గిరగిరా తిప్పారు. "కత్తి... కత్తి తియ్యి నాయనా ముందు" అన్నారు పెదాలు కదపకుండా. తీశాడు. ఆయన ఊపిరి పీల్చుకుని, గొంతు తడుముకుని, ఒక్కసారిగా కుర్చీ ఊగేలా నవ్వారు. "గొంతు మీద కత్తిపెట్టి పిల్లనడిగినవాణ్ణి ఎక్కడా చూడలేదురా! ఇన్నేళ్ళు రైళ్ళలో తిరిగాను, ఎక్కడా చూడలేదు!"

"పొరపాటైపోయిందండీ."

"నాకు కాదు చెప్పాల్సింది. అది నీ మీద అగ్గి మీద గుగ్గిలమైపోతోంది. నలుగురి ముందు తెలీదన్నావటగా? ఇంటికి రా. వచ్చి దానికి చెప్పు. అది సరేనంటే నాకేం అభ్యంతరం లేదు. కాదంటే ఆ సంబంధమే."

బుధవారం దుకాణానికి తాళం వేసి ముగ్గురం వెళ్ళాం. చిన్న హాలు. రెండు కుర్చీలు, ఒక సోఫా, గోడవారగా తలుపు నిండా అద్దమున్న బీరువా. మావాడు సోఫా చివర, జారిపోతాడేమో అన్నట్టు కూర్చున్నాడు. ఆ అమ్మాయి వచ్చి చేతులు కట్టుకుని నిలబడి, "చెప్పండి" అంది.

వాడు సోఫా అంచు రెండు చేతులా పట్టుకున్నాడు.

"వాడి ఉద్దేశం ఏంటంటేనమ్మా..." అని మా ఆవిడ అందుకుంది.

"మీ ఉద్దేశం కాదండీ. ఆయనది కావాలి" అంది ఆ అమ్మాయి, మర్యాదగానే.

మా ఆవిడ నోరు మూసుకుంది. నా కాపురంలో ఇలాంటిది నేను చూడటం అదే మొదలు. మళ్ళీ అందరం వాడి వంక చూశాం. వాడు తన కాళ్ళ వంక చూసుకున్నాడు. టీసీ గారు దగ్గారు. నేనింక ఆగలేకపోయాను. "ఒరేయ్, ఏదో ఒకటి ఏడువు!" అన్నాను.

వాడు దిగ్గున లేచాడు. పారిపోతున్నాడనుకున్నాను. నేరుగా బీరువా దగ్గరికి వెళ్ళి, మా అందరికీ వీపు పెట్టి నిలబడ్డాడు. అద్దంలో ఆ అమ్మాయి కనబడగానే భుజాలు నిటారుగా అయ్యాయి. గొంతు వచ్చేసింది.

"నమస్కారమండీ. మీరు బల్ల మీద కూర్చోవడం మానేశాక మా దుకాణం మహా బోసిగా ఉంది. మీ నాన్నగారి గడ్డం ఐదు నిమిషాల్లో అయిపోతోంది. నాకేమీ బాగాలేదండీ. ఆ రోజు ల్యాబులో నేను చేసింది తప్పే. కానీ తల అడ్డంగా ఊపింది మీరు తెలీదని కాదండీ..."

టీసీ గారు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఊగిపోతున్నారు. ఆ అమ్మాయి నవ్వలేదు. నాలుగడుగులు వేసి, వాడికీ అద్దానికీ మధ్యకి వచ్చి నిలబడింది. ఎదురుగా, జానెడు దూరంలో.

మాట ఆగిపోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, గోళ్ళు దిగాయి. వాడి పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"...నాకు మాట రావట్లేదని" అన్నాడు.

"ఇప్పుడొస్తోందిగా."

"వస్తోందండీ" అన్నాడు వాడు, తనే నమ్మలేనట్టు. తరవాత ఆ అమ్మాయి మొహంలోకి పరీక్షగా చూసి, "మీ బుగ్గ మీద పుట్టుమచ్చ అటువైపు కదండీ ఉండాలి?" అన్నాడు.

"పుట్టినప్పట్నుంచీ ఇటే ఉంది. అంటే ల్యాబులో నా మొహం చూడనే లేదన్నమాట!"

"లేదండీ. టైల్స్ చూశాను."

అప్పుడు నవ్వింది. ఏం నవ్వు! వ్యాను డ్రైవరు కూడా వెనకపడాల్సిందే. నవ్వు ఆపుకుని, "పెళ్ళయ్యాక నాతో ఏం మాట్లాడతారు మీరు? గదికో అద్దం పెట్టించను నేను" అంది.

నేనైతే నిన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటాను, అదీ ఇదీ అని ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. వాడు నిలబడి ఆలోచించాడు. "తెలీదండీ. నా దగ్గర ఏముందో నాకు ముందుగా తెలీదు. ఎవరైనా అడిగితే, చెబుతూ చెబుతూ ఉండగా నాకూ తెలుస్తుంది. మీరు అడుగుతూ ఉండండి. ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది."

ఆ అమ్మాయి కళ్ళు కిందికి వాలాయి. "సరే, కూర్చోండి. చాలా అడగాలి" అంది.

టీసీ గారు మాకు కనుసైగ చేశారు. ముగ్గురం బాల్కనీలోకి వచ్చాం. ఆయన తలుపు దగ్గరగా వేసి, ఇంకో సంబంధంవాళ్ళకి ఫోన్ చేసి ఏం చెప్పాలా అని సంతోషంగా తల గోక్కుంటున్నారు. నాకైతే గంతులేయాలనిపించింది. ఒకటి వేశాను కూడా. కింద ఎవరో చూశారు, చూస్తే చూడనీ.

మా ఆవిడ మాత్రం తలుపుకి చెవి ఆనించి నిలబడింది. లోపల ఆ అమ్మాయి గొంతు, వాడి గొంతు, మళ్ళీ ఆ అమ్మాయి, మళ్ళీ వాడు.

"మీకు ఏ కాలం ఇష్టమండీ?" అని లోపల వినబడింది.

"వానా..." అంది మా ఆవిడ ఇక్కణ్ణుంచే. అని, చటుక్కున చేత్తో నోరు మూసుకుంది.

"చలికాలమండీ" అన్నాడు వాడు లోపల. "పొద్దున్నే మంచులో ఒక్కణ్ణే నడవడం ఇష్టం."

మా ఆవిడ నా వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు.

"ఏవండీ, ఇది నాకు తెలీదండీ!" అంది.